ఆవు కోసం ఏడ్చిన మూడు రోజులు

తౌనో భార్య ఇర్యా రెండేళ్ళుగా సౌనాలో అడుగు పెట్టలేదు.

అదేమంత చిన్న సంగతి కాదు. అంతకు ముందు యాభై ఏళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ ఒక్క శనివారం కూడా సౌనా మానింది లేదు. సరస్సు ఒడ్డున తౌనో పెళ్ళికి ముందే తన చేతుల్తో దుంగలు చెక్కి కట్టుకున్న ఆవిరి స్నానపు గది అది. పై బల్ల మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. వేడెక్కిన రాళ్ళ మీద ఆయన నీళ్ళు చల్లితే బుస్సుమని ఆవిరి లేచేది. బర్చి చెట్టు లేత రెమ్మల కట్టతో ఒకరి వీపు ఒకరు తట్టుకునేవాళ్ళు. పెద్దగా మాటలుండేవి కావు. ఆమె పక్కన అంత నిశ్చింతగా కూర్చోవడం కంటే కాపురమంటే ఇంకేముంటుందని అనుకునేవాడు తౌనో.

మతిమరుపు జబ్బు ముదిరాక ఇర్యాకి ఆ తలుపు చూస్తేనే భయం పట్టుకుంది. గుమ్మం రెండు చేతులా పట్టుకుని వదిలేది కాదు. ఇంట్లోనే గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి తుడుద్దామంటే గిల్లేది, కొరికేది. "ఎవరయ్యా మీరు, నా బట్టలు వదలండి" అని అరిచేది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, ఎంతసేపని పెనుగులాడతాడు? చంకల కిందా తొడల మధ్యా చర్మం ఎర్రబడి, చివరికి పుండ్లు పడ్డాయి.

ఆగస్టు మొదట్లో వచ్చిన నర్సు ఆ పుండ్లు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చుంది కాసేపు.

"తౌనో గారూ, స్నానం కుదరకపోతే ఇంట్లో ఉంచడం కష్టం. డిసెంబర్లో మళ్ళీ వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఆసుపత్రి వెనక వార్డుకి రాసెయ్యాల్సిందే నేను."

ఆ వార్డు తౌనోకి తెలుసు. తన అన్నని అక్కడే చూశాడు. గోడ వైపు తిప్పిన మంచం, మంచానికి కట్టిన ఊచలు, మధ్యాహ్నం నాలుగింటికే రాత్రి భోజనం. ఇర్యాని అక్కడికి పంపనని అప్పుడే మనసులో అనుకున్నాడు.

"మీకు నెలకి కనీసం మూడు రోజులు సెలవు హక్కుగా వస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్కటీ వాడుకోలేదు మీరు" అంది నర్సు. "మనిషిని పంపిస్తాను. మంగళవారాలు వస్తుంది. ఆవిడ వచ్చాక మీరు బయటికెళ్ళాలి, అదొక్కటే షరతు."

"ఎక్కడికెళ్ళాలి?"

"అది నన్నడుగుతారేంటి?"

అలా వచ్చింది హెల్కా. యాభై దాటిన మనిషి, బలమైన భుజాలు, నోరు కాస్త ఎక్కువే. వచ్చీ రాగానే బూట్లు గుమ్మం దగ్గర విప్పి, పొయ్యి మీద కాఫీ కుండ మూత ఎత్తి చూసింది.

"బాబాయ్, కాఫీ పెట్టే ఉంచారా? అయితే మీరిక బయల్దేరొచ్చు."

"సాయంత్రం దాకా నన్నేం చెయ్యమంటావమ్మాయ్?"

"పిన్ని మీద బెంగ పెట్టుకోండి. అది ఇంట్లో ఉండి చేసేదాని కంటే బయటుండి చేస్తే బాగుంటుంది."

తౌనో రోడ్డు మీది పెట్రోలు బంకుకి పోయి, అక్కడి కాఫీ కొట్టులో చిన్ననాటి స్నేహితుడు ఎస్కో ఎదురుగా కూర్చున్నాడు. ఎస్కో గుర్రప్పందేల కాగితం మీంచి తలెత్తలేదు.

"పెళ్ళాం తరిమేసిందా?"

"గవర్నమెంటు తరిమేసింది."

"అయితే పోన్లే, మర్యాదగానే తరిమారు."

మూడో మంగళవారం ఇంటికొచ్చేసరికి ఇర్యా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. తలంటుకున్న జుట్టు తడితడిగా దువ్వి ఉంది. బర్చి ఆకుల వాసన ఇల్లంతా. తౌనో గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"సౌనాకి తీసుకెళ్ళావా?"

"తనే వచ్చింది, బాబాయ్. నేను చెయ్యి పట్టుకున్నానంతే."

"ఎలా? ఎలా ఒప్పించావు?"

"ఆడవాళ్ళ మాటలు మాట్లాడుకున్నాం" అంది హెల్కా, కోటు బొత్తాలు పెట్టుకుంటూ.

తౌనో ఆ రోజు సంతోషం పట్టలేకపోయాడు. సంతోషం అడుగున చిన్న ముల్లు కూడా ఉంది, ఉండదా మరి. రెండేళ్ళు తను బతిమాలాడు. పరాయి మనిషి మూడో రోజుకే తీసుకుపోయింది. పోనీలే, పుండ్లు మానితే చాలుననుకున్నాడు. వారం వారం మానుతూ వచ్చాయి కూడా.

నవంబరు మొదటి మంగళవారం మధ్యాహ్నానికే మంచు పడింది. అక్కడ అంతా పండగలా ముందే కారు చక్రాలు మార్చుకుంటారు, వేసవి టైర్లు తీసి మేకుల టైర్లు వేస్తారు. తౌనో ఈ ఏడు ఇర్యా గొడవలో పడి మార్చలేదు. కాఫీ కొట్టు కిటికీలోంచి రోడ్డు తెల్లబడుతుంటే చూసి లేచాడు.

"ఇంకా రెండు గంటలుందిగా నీ విడుదలకి" అన్నాడు ఎస్కో.

"ఈ టైర్లతో మా ఇంటి ముందు దిబ్బ ఎక్కాలంటే ఇప్పుడే పోవాలి. చీకటిపడితే ఎక్కదు."

"టైర్లు మార్చని వెధవని నిన్నొక్కణ్ణే చూశాను ఈ జిల్లాలో."

ఎస్కో దగ్గర తిట్లు తిని, కొట్లో అప్పుడే దింపిన దాల్చినచెక్క బన్నులు మూడు కట్టించుకుని బయల్దేరాడు. దిబ్బ సగంలో కారు జారితే దిగి ఇసుక చల్లి, ఎలాగో ఎక్కించాడు. ఇంట్లో ఎవరూ లేరు. సరస్సు ఒడ్డున సౌనా గొట్టంలోంచి పొగ నిటారుగా లేస్తోంది. లోపలున్నారన్నమాట. పొయ్యిలో కట్టెలు చాలతాయో లేదో చూసొద్దామని, బన్నుల పొట్లం చంకలోనే పెట్టుకుని అటు నడిచాడు.

సౌనా ముందున్న బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళేసరికి లోపల్నుంచి నవ్వులు వినబడ్డాయి. ఇర్యా నవ్వు. ఆ నవ్వు విని ఎన్నేళ్ళయిందో. తౌనో మొహం కూడా దానంతటదే నవ్వింది. బల్ల మీద కూర్చున్నాడు.

తర్వాత మాటలు వినబడ్డాయి. అవి ఇర్యా మాటల్లా లేవు. గొంతు ఆమెదే. మాట తూర్పు వైపు మాట, సరిహద్దు అవతల రష్యాకి వదిలేసి వచ్చిన పల్లెల మాట. యుద్ధం అయ్యాక ఆ పల్లెల వాళ్ళని బళ్ళ మీద తెచ్చి ఈ చుట్టుపక్కల ఊళ్ళలో దింపినప్పుడు, ఇక్కడి బడి పిల్లలు వాళ్ళ వెంటపడి "రష్యా గాళ్ళు, రష్యా గాళ్ళు" అని మంచుముద్దలు విసిరేవాళ్ళు. విసిరినవాళ్ళలో తౌనో కూడా ఉన్నాడు. ఆ మాట చెవికి తెలుసు. సగానికి పైగా అర్థమవుతుంది.

"అప్పా, అమ్మకి సెప్పు, సంతనాడు ఒత్తానని. మేజోళ్ళు అమ్ముకోడానికని సెప్పీసి బస్సెక్కీత్తాను."

"మీ ఆయనకి తెలిసిపోదేటే?" ఇది హెల్కా గొంతు. ఆమెదీ అదే మాట.

"ఆడికేటి తెలుస్తాది? ఆడే ట్రాక్టరు మీద బస్సు కాడికి దింపుతాడు." మళ్ళీ నవ్వు. "అమ్మ కాలం సేసిందని ఆ ఉత్తరం ఒచ్చిందా, మూడు రోజులు ఏడిసినాను. ఏటయిందే అన్నాడు. ఆవు సచ్చిపోయిందని ఏడుత్తన్నాను అనీసినాను."

"నమ్మీసినాడా?"

"ఓలమ్మ, నమ్మడం కాదు! ఎల్లి ఇంకో ఆవుని కొని తెచ్చీసినాడు!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. రాళ్ళ మీద నీళ్ళు పడిన చప్పుడు.

తౌనోకి ఆ మార్చి నెల గుర్తుంది. ఈనలేక ఆవు చనిపోయిన వారం. ఇర్యా కొట్టం గోడకి తల ఆనించి ఏడుస్తుంటే అతనికి పొయ్యి ముట్టించాలని కూడా తోచలేదు. నాలుగో రోజున అడవిలో కలప కొంత అమ్మేసి, పొరుగు జిల్లా దాకా వెళ్ళి, తెల్ల మొహం ఉన్న పాడావుని తోలుకొచ్చాడు. దాన్ని చూసి ఇర్యా అతని ఛాతీ మీద తల పెట్టి ఇంకా గట్టిగా ఏడ్చింది. తన జీవితంలో భార్యకి చేసిన మంచి పని ఏదైనా ఉందంటే అదే అనుకునేవాడు ఇన్నాళ్ళూ.

ఆమెకి అమ్మా నాన్నా లేరని కదా చెప్పింది. పాలకేంద్రంలో పనిచేసే రోజుల్లో మొదటిసారి అడిగినప్పుడే చెప్పింది, తరలింపులో ఇద్దరూ పోయారని. తూర్పు నుంచి వచ్చిందని తెలుసు. కానీ పట్నం పిల్లనంది, మీరు పోయే చర్చే మాదీ అంది, మాట కూడా రేడియోలో వార్తలు చదివేవాళ్ళలా స్వచ్ఛంగా ఉండేది. అతను కాగితాలేవీ చూడలేదు. చూడాలని అనిపించలేదు. కూతురు చిన్నప్పుడు అడిగేది, అందరికీ అమ్మమ్మా నానమ్మా ఇద్దరూ ఉంటే నాకు నానమ్మ ఒక్కతేనా అని. ఇర్యా దాని జడ అల్లుతూ, "యుద్ధం తీసుకుపోయింది తల్లీ" అనేది, చెయ్యి ఆపకుండా.

తలుపు తీసుకుని తువ్వాలు కోసం హెల్కా బయటికొచ్చింది. తౌనోని చూసి, వెనక తలుపు మెల్లగా మూసింది. అతని టోపీ మీద మంచు కరిగి చెంపల మీదికి కారుతోంది.

"బాబాయ్..."

"చలేస్తుంది దానికి. తువ్వాలు తీసుకెళ్ళు."

ఇర్యాని ఇంటికి తెచ్చి, సోఫాలో పడుకోబెట్టి దుప్పటి కప్పాక, ఇద్దరూ వంటింట్లో కూర్చున్నారు. తౌనో అలవాటుగా కాఫీ పోశాడు. బన్నుల పొట్లం విప్పలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏది?"

"నీకు తెలిసి ఎన్నాళ్ళయిందంటున్నా."

"మూడో మంగళవారం నుంచి."

"ఆగస్టు. ఆగస్టు నుంచి ఈ బల్ల దగ్గర కూర్చుని నా కాఫీ తాగుతున్నావు."

"తాగాను."

"లోపల నవ్వావు కూడా."

హెల్కా తల దించుకుంది. "నవ్వాను. తప్పే. తను చెప్పే తీరు అలా ఉంది, ఆపుకోలేకపోయాను. మా నానమ్మది ఆ పక్క ఊరే, బాబాయ్. మొదటి రోజు చెయ్యి కాలి నానమ్మ తిట్టే తిట్టొకటి తిట్టాను. పిన్ని తలెత్తి చూసింది. అంతే, నేను వాళ్ళ అక్కనైపోయాను. ఆ మాటల్లో పిలిస్తే సౌనాకి పరిగెత్తుకుని వస్తుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏ ఇంట్లో విన్నది ఆ ఇంట్లో వదిలేసి పోవాలి నేను. సంతకం పెట్టాను."

"ఇదీ ఆ ఇల్లేగా. ఇక్కడే వదిలెయ్యమంటున్నా."

"సౌనాలో చెప్పింది సౌనాలోనే ఉండాలి."

తౌనో బల్ల మీద అరచేత్తో కొట్టాడు. కప్పులు ఎగిరాయి. "ఆ సౌనా నేను కట్టాను! యాభై ఏళ్ళు నా పక్కన కూర్చుంది దాంట్లో! అక్కడ ఒక్క ముక్క చెప్పలేదే నాకు!"

సోఫాలో ఇర్యా కదిలింది. ఇద్దరూ గొంతు తగ్గించారు.

"ఎక్కడుండేది వాళ్ళమ్మ?"

"బస్సులో గంటన్నర. రెండు బస్సులు మారి."

"గంటన్నర..." తౌనో వేళ్ళతో బల్ల చెక్క గీసుకుంటూ ఉండిపోయాడు. "మా అమ్మ ఉండేది అప్పుడు. సరే. మా అమ్మకి తూర్పు వాళ్ళంటే పడదు. వాళ్ళ పిల్లని తెస్తే ఉరేసుకుంటానని మా ఇంట్లో వేరే ఎవరి గురించో అరుస్తుంటే ఇది విని ఉంటుంది. నేను కూడా మంచివాణ్ణి కాదు, ఏవేవో వాగేవాణ్ణి. ఒప్పుకుంటా. కానీ మా అమ్మ పోయి ముప్పై ఏళ్ళయింది. ఆ తర్వాత చెప్పొచ్చుగా? నేనేం చేసేవాణ్ణి, చంపేసేవాణ్ణా?"

హెల్కా చెప్పాలా వద్దా అని కప్పు అటూ ఇటూ తిప్పింది.

"అదే నేనూ అడిగాను. ఆయన ఆవుని తెచ్చేశాక ఇంకెలా చెప్పేది అంది."

తౌనో లేచి కిటికీ దగ్గరికి పోయాడు. వీపు తిప్పుకునే అన్నాడు.

"వచ్చే మంగళవారం నువ్వు రానక్కర్లేదు."

"పుండ్లు?"

"నేను చూసుకుంటా."

"డిసెంబర్లో నర్సు వస్తుంది, బాబాయ్."

"తెలుసు. క్యాలెండరు ఉంది నాకు."

ఆ తర్వాత మూడు వారాలు తౌనో మాట్లాడలేదు. అన్నం పెట్టాడు, బట్టలు మార్చాడు, మందులిచ్చాడు, అన్నీ చేశాడు. మాట మాత్రం రాలేదు. మాట్లాడితే ఏ ఇర్యాతో మాట్లాడాలో తెలియలేదు. రై రొట్టె కోసి చేతికిస్తూ ఆమె మొహం చూసేవాడు. ఇది ఎవరి మొహం? గోడ మీద పెళ్ళి ఫొటో దించి బీరువా వెనక పెట్టాడు, రెండు రోజులకి మళ్ళీ తగిలించాడు. సంత రోజున ట్రాక్టరు మీద పక్కన కూర్చుని, మేజోళ్ళ బుట్ట ఒళ్ళో పెట్టుకుని, అతని మెడకి మఫ్లరు సరిచేసేది ఇర్యా. "చలిలో నిలబడకు, వెళ్ళిపో, నేనెక్కుతాగా" అనేది. ఎంత ప్రేమో అనుకున్నాడు. ఏ బస్సు ఎక్కుతుందో అతను చూడకూడదనే అలా అనేదని ఇప్పుడు తెలిసింది.

కోపం ఎవరి మీద చూపించాలి? నిలదీద్దామంటే ఎదురుగా ఉన్న మనిషికి చెంచా ఎందుకో కూడా తెలియదు. అదే అతన్ని తినేసింది.

పుండ్లు మళ్ళీ వచ్చాయి. మొదట ఎర్రగా, తర్వాత పచ్చిగా. గుడ్డతో తుడవబోతే మణికట్టు మీద కొరికింది, రక్తం వచ్చింది. నర్సు రావడానికి ఇంకా మూడు వారాలుందనగా, శనివారం నాడు తౌనో సౌనా వేడి చేశాడు. ఇర్యాకి కోటు తొడిగి, మంచులో బాట చేసి, ఒడ్డు దాకా నడిపించాడు. గుమ్మం దగ్గర ఆమె రెండు చేతులా చెక్క పట్టుకుంది.

"ఇర్యా. రా. నేనేగా."

"మీరెవరు? నన్ను వదలండి."

"వదల్తాలే. ముందు రా. చలిగాలి లోపలికి పోతోంది."

ఆమె చెక్క వదల్లేదు. తౌనోకి ఇంక దారి తోచలేదు. సిగ్గు విడిచి, గొంతు సవరించుకుని, తలుపులోంచి విన్న మాటల్ని తన మొరటు నోటితోనే అన్నాడు.

"రాయే, సెల్లీ. అమ్మ పిలుస్తాంది."

ఇర్యా ఠక్కున ఆగిపోయింది. చేతులు చెక్క మీంచి జారాయి. తౌనో తలుపు ఇంకాస్త తెరిచాడు. వస్తుందనుకున్నాడు.

ఆమె అటూ ఇటూ చూసింది, ఎవరైనా విన్నారేమోనన్నట్టు. అతని వైపు తిరిగింది. కళ్ళల్లో భయం, బళ్ళో బెంచీ మీద నిలబెట్టిన పిల్లకుండేలాంటి భయం. వీపు నిటారుగా పెట్టుకుంది. చేతులు రెండూ పక్కలకి ఆనించుకుంది.

"ఆ భాష నాకు రాదండీ" అంది. ఒక్క అక్షరం పొల్లుపోని మాట, వార్తలు చదివేవాళ్ళ మాట. "మాది పట్నం అండీ. మా అమ్మా నాన్నా తరలింపులో చనిపోయారు. నాకెవరూ లేరండీ."

తౌనో ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. అతని పేరు మర్చిపోయింది. కూతురి పేరు మర్చిపోయింది. కాఫీ తాగి, తాగలేదని గంటకోసారి అడుగుతుంది. ఇది మాత్రం మర్చిపోలేదు. అతని దగ్గర ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో, ఎముకల్లో ఇంకిపోయి ఉంది. అన్నీ పోయాక మిగిలేది ఇదేనేమో.

"మీరు ఎవరికీ చెప్పరు కదండీ?" అంది మళ్ళీ.

"చెప్పను" అన్నాడు తౌనో. "పద, ఇంటికెళ్దాం."

సౌనా పొయ్యిలో మంట దానంతటదే ఆరిపోయింది ఆ రోజు. ఇర్యాకి సూప్ తాగించి, దుప్పటి కప్పి, ఫోను ముందు కూర్చున్నాడు. మూడుసార్లు ఎత్తి పెట్టాడు.

"హెల్కా. నేను, తౌనోని."

అవతల రేడియో చప్పుడు ఆగింది.

"పుండ్లు వచ్చాయా?"

"వచ్చాయి."

"ఎప్పట్నుంచి?"

"తిట్టాలంటే వచ్చాక తిట్టు. మంగళవారం రా. శుక్రవారం కూడా రా, ఎన్ని రోజులు ఇస్తే అన్ని రోజులు."

"బాబాయ్, ముందే చెబుతున్నా. లోపల విన్నది నేను మీకు చెప్పను. మీరడిగినా చెప్పను."

"అడగను."

"మీరు ముందే ఇంటికి రాకూడదు."

"రాను. టైర్లు మార్పించాను."

ఫోను పెట్టేశాక చాలాసేపు రిసీవరు మీద చెయ్యి అలాగే ఉంచుకున్నాడు. తనని ఇంకా మోసం చేస్తూ ఉండమని, దానికి మంగళవారమూ శుక్రవారమూ ఖాయం చేసి, తనే అడిగి పెట్టుకున్నాడు. ఇంతకంటే ఏం చేస్తాడు? వార్డులో గోడ వైపు మంచం అతని కళ్ళ ముందే ఉంది.

డిసెంబర్లో నర్సు వచ్చి చర్మం అంతా చూసింది, తిప్పి చూసింది, సంతోషించింది. ఇంట్లోనే ఉంచవచ్చని కాగితం మీద రాసింది.

"మీరు ఎంత ఓపికగా చూసుకుంటున్నారో! ఆవిడకి మీమీద నమ్మకం కుదిరినట్టుంది."

"ఆఁ" అన్నాడు తౌనో.

ఆ మంగళవారం కూడా పది కొట్టక ముందే బంకుకి పోయాడు. హెల్కా బూట్లు విప్పుతుండగానే తను తొడుక్కున్నాడు. దిబ్బ దిగుతుంటే అద్దంలో సౌనా గొట్టం కనబడింది. ఇంకా పొగ రాలేదు. వచ్చేదాకా చూడలేదు.

రెండయింది. ఎస్కో పందేల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"రోడ్డు బాగుంది, ఆకాశం బాగుంది. ఇవాళ తొందరగా పోవా ఇంటికి?"

"పోను."

"ఏం, పెళ్ళాం మీద బెంగ తగ్గిందా?"

తౌనో ఖాళీ కప్పు తీసుకుని లేచాడు, ఇంకోసారి పోయించుకోడానికి.

"ఐదింటి దాకా నేనక్కడ ఉండకూడదు" అన్నాడు.